మూడు తూర్లు అడిగే మామ

ఆయన పోయాక నలభయ్యో దినం చదివించే ఫాతెహాకు నేను నందికొట్కూరు పోయి కడపకు తిరిగొచ్చిన మరుసటి రోజు, ఆఫీసులో ఎవరూ చూడకుండా ఒక పిచ్చిపని చేశాను. మేం రోజంతా కుస్తీ పట్టే, అడిగినదానికి జవాబు చెప్పే యంత్రంలో ఆయన పేరు, ఊరు, ఉద్యోగం కొట్టి, ఈయన ఎట్లాంటి మనిషి అని అడిగాను. అది తడుముకోలేదు. పశువైద్యంలో విశేష కృషి చేసిన గొప్ప డాక్టరట. ఇంకోసారి అడిగాను. ఈసారి రైతు నాయకుడు. మూడోసారి రిటైరైన తెలుగు పండితుడు. నాలుగోసారి హార్మోనియం విద్వాంసుడు. ఐదోసారికి ఆయన ఇంకా బతికే ఉన్నాడు, మహానందిలో ప్రశాంతంగా విశ్రాంతి తీసుకుంటున్నాడు! అంతా ఉత్తదని తెలుసు. తెలిసి కూడా ఆ ఒక్క మాట దగ్గర నా గుండె ఎగిరిపడింది. ఛీ, ఇదేం బతుకు అనుకుని తెర మీది కిటికీ మూసేశాను.

ఐదుసార్లు అడిగితే ఐదుగురు మనుషులొచ్చారు. ఆ ఐదుగురిలో ఒక్కరి చొక్కాకైనా కుడిచెయ్యి మోచేతి పైదాకా మడిచి లేదు. ఒక్కరూ ఎదుటివాళ్ళ చెవి పట్టి చూడలేదు. ఒకే ప్రశ్నను ఐదుసార్లు అడిగి చూడాలని నాకు నేర్పినవాడు ఆయనే. ఆయన గురించే అడిగి, ఆయన పద్ధతిలోనే ఆయన లేడని తేల్చుకున్నాను.

పేరు ఇక్కడ రాయను. పేపర్లో పేరు పడితే మనిషికి పని తగ్గుతుందని ఆయన అనుకునేవాడు. నాకు మామ. చుట్టరికం ఏమీ లేదు. మా ఇంటి గోడ పక్కనే వాళ్ళ గోడ, వాళ్ళ గోడ పక్కన గొడ్లాసుపత్రి. మా అమ్మ ఆయన్ను అన్నా అనేది, ఆయన మా అమ్మను చెల్లీ అనేవాడు, కాబట్టి నాకు మామ. వాళ్ళు సాయిబులు, అయినా ఇంట్లో మాటంతా తెలుగే. ఆయనకు నేను ఒకసారి ఒక అబద్ధం చెప్పాను. దాన్ని ఆయన పట్టుకున్నాడా లేదా అన్నది ఎనిమిదేళ్ళు నన్ను తిన్న సంగతి.

ఆయన గొడ్లాసుపత్రిలో కాంపౌండరు. డాక్టరు వారానికి రెండు రోజులు వచ్చేవాడు. రోగాలు మాత్రం రోజూ వచ్చేవి. అందుకని పనంతా మామ మీదనే నడిచేది. నిండు చేతుల చొక్కా తొడిగేవాడు. ఎడమచెయ్యి గుండీ పెట్టి ఉండేది, కుడిచెయ్యి మాత్రం ఎప్పుడూ పైకి మడిచి ఉండేది, ఏ క్షణాన ఏ ఆవు కడుపు తడమాల్సి వస్తుందో అన్నట్టు. పెళ్ళిళ్ళలో కూడా అంతే. అత్త, అంటే ఆయన భార్య, గుమ్మంలో నిలబెట్టి చొక్కా చెయ్యి కిందికి లాగి గుండీ పెట్టేది. విందు దగ్గరికి పోయేసరికి అది మళ్ళీ పైనే ఉండేది.

మనిషినైనా గొడ్డునైనా పలకరించే ముందు చెవి పట్టి చూసేవాడు. చెవి చల్లబడితే ఒక లెక్క, కాలితే ఒక లెక్క ఆయనకు. నేను కర్నూలు హాస్టల్ నుంచి శనివారాలు ఇంటికొచ్చినప్పుడు గేటు దగ్గరే వేళ్ళ వెనకభాగంతో నా చెవి తాకి, “ఎండలో నడిచొచ్చినావే పాపా, ఆటో యాడ పోయింది?” అనేవాడు. బస్టాండు నుంచి ఆటో ఎక్కకుండా డబ్బులు మిగుల్చుకున్న సంగతి దాచుకుందామంటే ఆయన దగ్గర దాగేది కాదు. నేను డిగ్రీ చదివే పెద్దపిల్లను, నడిబజారులో చెవి పట్టుకుంటాడేమని సిగ్గుతో చచ్చేదాన్ని. ఇప్పుడు ఎవరైనా వచ్చి పట్టుకుంటే బాగుండునని ఉంటుంది. ఎవరు పట్టుకుంటారు?

ఆసుపత్రిలో ఉండేది ఒక థర్మామీటరు, ఒక స్టీలు బేసిన్, సూదుల డబ్బా, అంతే. రక్తం తీసి కర్నూలుకు పంపితే అక్కడ చూసి కాగితం పంపుతారు. “కాగితం వొచ్చేటప్పటికి గొడ్డు పోయింటాది” అనేవాడు మామ. “అది నోరు తెరిచి చెప్పదు. చెప్పే నోరు తోలుకొచ్చినోనిదే. వాడేమో సిగ్గుపడి సగం మింగుతాడు. ఇంగ మనకాడ ఉండేది ఒకటే, అడగడం. అడిగేదానికి ఖర్చేముండాది?”

ఆ అడగడంలో ఆయనకొక పద్ధతి ఉంది. మూడు తూర్లు అడిగేవాడు. మా వైపు సారి అనరు, తూరి అంటారు. మొదటి తూరి నిలబెట్టి అడిగేవాడు. రెండో తూరి నీళ్ళ చెంబు చేతికిచ్చి, తాగుతుండగా. మూడో తూరి పలుపు వాడి చేతికిచ్చి గొడ్డును గట్టిగా పట్టుకోమని చెప్పి, వాడి ధ్యాసంతా గొడ్డు మీద ఉన్నప్పుడు, వేరే ఏదో మాట్లాడుతున్నట్టు. ఆ మూడో జవాబు వినేటప్పుడు కళ్ళు మూసుకునేవాడు.

మా మిద్దె మీద నిలబడితే గొడ్లాసుపత్రి ఆవరణ మొత్తం కనపడుతుంది. డిగ్రీ రెండో ఏడు సెలవుల్లో చదువుకుంటున్నానని అమ్మకు చెప్పి, పుస్తకం పట్టుకుని ఆ తమాషా చూసేదాన్ని. ఒకరోజు పొద్దున ఒకాయన ఆవును తోలుకొచ్చాడు. తోలుకొచ్చాడు అనడం కంటే ఈడ్చుకొచ్చాడు అనాలి. ఆవు వణుకుతూ ఉంది, నోట్లో నురగ.

“ఏం మేసిందప్పా?” అన్నాడు మామ.

“ఏం మేయలేదన్నా. ఇంటికాడ కట్టేసిందే. ఒట్టి గడ్డి.”

చెంబు ఇచ్చాడు. ఆయన గటగటా తాగుతుంటే, “పొద్దున ఎంతసేపు తిప్పినావు?” అన్నాడు.

“శానాసేపు లేదన్నా. వంక పక్కన రోంతసేపు.”

పలుపు చేతికిచ్చాడు. చెవి పట్టుకున్నాడు, ఆవుది. కళ్ళు మూసుకుని, “తాడు కొత్తదా అప్పా? భలే గట్టిగుండాది” అన్నాడు.

“అవునన్నా, తెల్లారుజామున పాతది తెంపుకోని పోయింటే…”

మామ కళ్ళు తెరిచాడు. “ఇంటికాడ కట్టేసిందొకటి. వంకలో మేసిందొకటి. తాడు తెంపుకొనిందొకటి. మూడావులను తోలుకొచ్చినావా అప్పా? నాకు ఒకటే అగపడతాండాది.”

పాపం ఆయన తల వంచేశాడు. సంగతేమంటే, ఆవు తెంచుకుని పోయి పక్కవాళ్ళ చేన్లో లేత జొన్న మేసింది. వానల్లేక వాడిన లేత జొన్న గొడ్డుకు విషం. మా దగ్గర నాము తగిలిందంటారు. దానికి వేరే సూది ఉంది, వెంటనే పడాలి. కానీ పక్కవాళ్ళ చేన్లో మేసిందని బయటపడితే పంచాయితీ అవుతుంది, అందరి ముందూ పరువు పోతుంది. మా దగ్గర మనిషి గొడ్డునైనా పోగొట్టుకుంటాడు గానీ దొంగమేత మేసిందని మాత్రం ఒప్పుకోడు.

ఆయన నోరు తెరిచి, “అది ఎవరి చేనంటే అన్నా…” అనబోయాడు. మామ చెయ్యి అడ్డం పెట్టాడు. “ఎవరి చేనో నాకేంటికి చెప్తావప్పా? ఏం మేసిందో తెలిసింది, చాలు.” అప్పటికే ఇంకో చేత్తో సూది ఎక్కిస్తున్నాడు. ఆవు బతికింది. ఎవరి చేనో ఊళ్ళో ఎవరికీ తెలియలేదు. నిజం ఎంతవరకు పనికొస్తుందో అంతవరకే పట్టుకుని, మిగతాది మనిషికి వదిలేసేవాడు. ఇది నేను అప్పుడు గమనించలేదు. మూడావుల మాటకు మిద్దె మీద పడీపడీ నవ్వాను, అంతే.

ఇంట్లో కూడా ఆయన ఇంతే. అత్తకు షుగరు. మాత్ర వేసుకున్నావా అని మూడు తూర్లు అడిగేవాడు. “ఈయన నన్ను గూడా ఎనుము అనుకున్నాడు సూడు పాపా” అని అత్త గోడ మీద నుంచి నాకు ఫిర్యాదు చేసేది. ఆమె దగ్గర కూడా ఒక ప్రశ్న ఉండేది, ఆమె జీవితమంతా ఆ ఒక్క ప్రశ్న. ఆసుపత్రి వైపు నుంచి ఎవరొచ్చినా సరే, నేనైనా, గొర్రెల వాళ్ళైనా, పోస్టుమ్యానైనా, “మామ అన్నం తిన్నాడా?” అని అడిగేది. ఎవరికి ఏమవుతాడో లెక్కలేదు, అందరికీ మామే. ఆయన పనిలో పడితే తిండి సంగతి మరిచిపోయేవాడు. టిఫిను డబ్బా సూదుల డబ్బా పక్కన మాపటిదాకా మూత తీయకుండా ఉండేది. డబ్బా బరువుగా తిరిగొస్తే ఆమె మొహం చూడాలి!

నా డిగ్రీ ఆఖరి ఏడు అత్తను కర్నూల్లో పెద్దాసుపత్రిలో చేర్చారు. కాలికి పుండు పడి, అది పైకి పాకి, జ్వరం. నేను హాస్టల్లో ఉన్నాను కాబట్టి రోజూ మధ్యాహ్నం పోయి కూర్చునేదాన్ని. ఐదో రోజు ఆమెకు కాస్త తెరిపిచ్చింది. మామ మూడు రోజులుగా అదే చొక్కాలో ఉన్నాడు. “ఇంటికి పోయి బట్టలు మార్చుకోని రాపో. నీకాడ గొడ్డు వాసన, నాకాడ మందుల వాసన, ఈ వార్డులో వాళ్ళేం పాపం చేసినారు?” అని ఆమే తరిమింది. ఆయన పోతూ పోతూ నా చెవి తాకి, “నేనొచ్చిందాకా యాడికీ కదలాకు పాపా” అన్నాడు. అట్లనే మామా అన్నాను.

కదిలాను. రిజల్ట్స్ వచ్చాయని స్నేహితురాలు ఫోన్ చేసింది. వార్డులో సిగ్నల్ లేదు. అత్త నిద్రపోతోంది. ఐదు నిమిషాలే కదా అని కిందికి దిగాను. అందరి మార్కులూ అడిగి, నవ్వి, ఎగిరి, పావుగంట పైనే అయింది. పైకి వచ్చేసరికి అత్త పోయింది, వార్డులో పనిచేసే ఆయమ్మ ఆమె మీద దుప్పటి సరిచేస్తోంది. “ఏమ్మా, నువ్వేనా ఈమె తోడు? యాడికి పోయినావు?” అంది.

మామ నాలుగు గంటలకు వచ్చాడు. ఉతికిన చొక్కా, కుడిచెయ్యి మడిచి ఉంది. మంచం వైపు చూశాడు. అత్త చెవి పట్టుకున్నాడు. చాలాసేపు అట్లే పట్టుకుని ఉన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, చాలా మెల్లగా, “ఏమన్నా అనిందా పాపా?” అన్నాడు.

అబద్ధం చెప్పాలని నేను అనుకోలేదు. ఒట్టు. నోరు తెరిచాను, అంతే. మాట దానంతటదే వచ్చేసింది. “మామ అన్నం తిన్నాడా అని అడిగింది” అన్నాను.

రోజూ విన్న మాట కదా, అదే వచ్చింది. ఆ చోట ఏ మాట ఉండాలో ఆ మాటే వచ్చి కూర్చుంది. మా యంత్రం కూడా అంతేనని తర్వాత అర్థమైంది. దానికి అబద్ధమాడాలని ఏమీ ఉండదు. ఈ మాట తర్వాత మామూలుగా ఏ మాట వస్తుందో అది చెప్తుంది. అది జరిగిందా లేదా అన్నది దానికి తెలియదు. నాకు తెలుసు. నాకూ దానికీ అదొక్కటే తేడా, ఆ తేడాతోనే ఎనిమిదేళ్ళు ఏగాను.

మూడో దినం ఫాతెహా అయ్యాక, అందరూ లేచిపోయాక, నా చేతికి టీ గ్లాసు ఇచ్చి అడిగాడు. “మీ అత్త ఏమనింది పాపా ఆఖర్న?” గ్లాసు చేతిలో కాలింది. రెండో తూరి! చెంబు ఇచ్చి అడిగే తూరి! “మామ అన్నం తిన్నాడా అని అడిగింది.” నెల తర్వాత గోడ దగ్గర బట్టలారేస్తుంటే, ఏదో కరెంటు సంగతి మాట్లాడుతూ మధ్యలో అడిగాడు. కళ్ళు మూసుకున్నాడు. “మామ అన్నం తిన్నాడా అని అడిగింది.” ఒక్క అక్షరం తేడా రానివ్వలేదు. ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పాను. గెలిచాను, ఇంక అడగడు అనుకున్నాను.

అక్కడితో ఆగలేదు. నేను ఇంటికొచ్చిన ప్రతిసారీ, ఏదో ఒక వేళలో, “ఇంగో తూరి చెప్పు పాపా” అనేవాడు. ఏ సంగతో చెప్పనక్కర లేకపోయింది. నేను చెప్పేదాన్ని, ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు, తర్వాత లేచిపోయి అన్నం పెట్టుకునేవాడు. నన్ను పరీక్షిస్తున్నాడనే అనుకున్నాను. ఏదో ఒకరోజు కళ్ళు తెరిచి మూడావుల మాట అంటాడని భయపడి, ఇంటికి రావడమే తగ్గించాను. నోములకూ తిరుణాళ్ళకూ రమ్మంటే పని ఉందని అబద్ధాలు. ఒక అబద్ధానికి కాపలాగా ఎన్ని అబద్ధాలని! తలుచుకుంటే ఇప్పుడు నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది.

తర్వాత కడపలో ఈ ఉద్యోగం దొరికింది. రైతులు ఫోన్ చేసి పంట గురించో జీవాల గురించో అడుగుతారు, యంత్రం తెలుగులో జవాబిస్తుంది. ఆ జవాబులు బాగున్నాయా లేదా చూడడం నా పని. బాగుండడానికి ఏం తక్కువ? తెలుగు పంతులు మాట్లాడినట్టు మాట్లాడుతుంది. ఒకసారి రాజంపేట వైపు నుంచి ఒకాయన గొర్రెపిల్లల కడుపులో పురుగులకు మందడిగితే, ఈ భూమ్మీద లేని ఒక చెట్టు పేరు చెప్పి, దాని వేరు ఎట్లా నూరాలో, ఎన్ని రోజులు తాపాలో కూడా చెప్పింది. మా వాళ్ళు దీన్ని హాలూసినేషన్ అంటారు. పట్టుకోవడానికి దీనికంటే పెద్ద యంత్రాన్ని కాపలా పెట్టొచ్చు, లేదా ప్రతి జవాబునూ డాక్టరుకు చూపించొచ్చు. “రెండింటికీ మన దగ్గర స్తోమత లేదు, చవకగా ఏమైనా ఆలోచించండి” అన్నాడు మా మేనేజరు.

చవక అనగానే నాకు ఒక చొక్కా చెయ్యి గుర్తొచ్చింది. ఆ ఆదివారం భయం పక్కన పెట్టి నందికొట్కూరు పోయాను. మామ అప్పటికి రిటైరయ్యాడు. అయినా ఇంటిముందు రెండు మేకలు, ఒక దూడ, వాటి మనుషులు. వాళ్ళంతా పోయాక చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, “దానికి తెలియదని చెప్పేది తెలియదా?” అన్నాడు.

“చెప్పదు మామా. తెలిసినా తెలియకపోయినా ఒకే గొంతుతో చెప్తుంది.”

“పాపం” అన్నాడు. యంత్రం మీద జాలిపడిన మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. “అడుగు మరి. మూడు తూర్లు అడుగు. అది అలిసిపోతాదా ఏమన్నా?”

“అలిసిపోదు. ఐదుసార్లడిగినా చెప్తుంది.”

“అయితే ఐదు తూర్లడుగు. మనిషైతే విసుక్కుంటాడని నేను మూడుకు ఆపినా.”

అడిగాం. ఒకే ప్రశ్న ఐదుసార్లు. ఐదు జవాబుల్లో సంగతి ఒకటే అయితే రైతుకు చెప్పనిచ్చాం. మందు పేరు మారినా, మోతాదు మారినా, ఆపి డాక్టరుకు పంపాం. లేని చెట్టు దొరికిపోయింది, రెండోసారి అడిగితే అది వేరే చెట్టయింది. ప్రతి జవాబూ డాక్టరు దగ్గరికి పోనక్కర లేకపోయింది. మేనేజరు నా తెలివిని మెచ్చుకున్నాడు. నాది కాదండీ, మా కాంపౌండరు మామది అంటే నవ్వాడు, జోకు అనుకున్నట్టున్నాడు.

కానీ ఒకచోట దెబ్బతిన్నాం. గొర్రెల మీద చల్లే ఒక పురుగుమందు గురించి అడిగితే, యంత్రం ఐదుసార్లూ ఒకే జవాబిచ్చింది. సంగతే కాదు, మాటలు కూడా అవే, కామా తేడా లేకుండా. జవాబు మాత్రం తప్పు. డాక్టరు వేరే పని మీద చూసి పట్టుకోబట్టి సరిపోయింది. నేను మళ్ళీ పరిగెత్తాను. ఈసారి లోపల కొంచెం సంతోషం కూడా ఉంది, దాచడమెందుకు. ఆయన పద్ధతికి చిక్కని అబద్ధం ఒకటుందని చెప్పాలి.

“మామా, నీ పద్ధతి తప్పింది. ఐదుసార్లూ ఒకటే చెప్పింది.”

ఆయన మేకపిల్ల చెవి వదిలి నా వైపు చూశాడు. “మాటలు గూడా అవేనా?”

“అచ్చం అవే.”

“అయితే అది చూసి చెప్పే మాట కాదు పాపా, బట్టీ పట్టిన మాట. నువ్వు బస్సులో ఎట్లొచ్చినావో నాకు చెప్పు. మీ అమ్మకు ఇంగో మాదిరి చెప్తావు. రేపు నీ స్నేహితురాలికి ఇంగో మాదిరి. మాట మారుతాది, బస్సు మారదు. కండ్లారా చూసినోని మాట అట్ల ఉంటాది. మాట గూడా కదలకుండా నిలబడిందంటే, అనుమానించాల. ప్రశ్న మార్చు. ఏం మేసిందని అడగాకు, ఏ దోవన వచ్చినారని అడుగు. కదులుతాది.”

ఆ మాట యంత్రం గురించి కాదనిపించింది. ఎనిమిదేళ్ళుగా నేను కదలనివ్వకుండా నిలబెట్టిన వాక్యం మా ఇద్దరి మధ్య నిలబడి ఉంది. ఆయన మేకపిల్లను దింపి, చెయ్యి తుడుచుకుని, అరుగు మీద కూర్చున్నాడు.

“అది సరేలే. మీ అత్త ఏమనిందో ఇంగో తూరి చెప్పు.”

కళ్ళు మూసుకున్నాడు. మాట మార్చాలి, మారిస్తే నిజంలాగా ఉంటుంది, ఇప్పుడే కదా చెప్పాడు! “అత్త… నిద్ర లేచి… మీ మామ ఈ పొద్దు బువ్వ…” అని నసిగాను.

“కాదు పాపా” అన్నాడు కళ్ళు తెరవకుండానే. “‘మామ అన్నం తిన్నాడా’ అని గదా అనింది.”

“అవును మామా. మామ అన్నం తిన్నాడా అని అడిగింది.”

“ఊఁ” అన్నాడు. లేచి లోపలికి పోయి అన్నం పెట్టుకున్నాడు. ఆయనకు తెలిసిందో, తెలియలేదో! తెలిస్తే ఎందుకు సరిదిద్దాడు? అడుగుదామని లోపలికి ఒక అడుగు వేశాను. గిన్నె చప్పుడు వినిపించింది. ఆయన తింటున్నాడు. తినేటప్పుడు ఎందుకులే, వచ్చేసారి చెప్తాను, అంతా చెప్పేస్తాను అనుకున్నాను. వచ్చేసారి నేను వచ్చింది ఆయన్ను మట్టికి తీసుకుపోయిన రోజు, అదీ ఆలస్యంగా. అత్త పోయినప్పుడు లేను, ఆయన పోయినప్పుడు కూడా లేను.

నలభై దినాల రోజు వంటలయ్యాక వాళ్ళమ్మాయి, రాజంపేటలో ఇచ్చిన అక్క, నన్ను వంటింట్లోకి పిలిచింది. మామ చొక్కాలు మడత పెట్టి మూట కడుతోంది. ప్రతి చొక్కాకూ కుడిచేతి మీద అడ్డంగా మడత గీతలు, ఇస్త్రీకి కూడా పోనివి. ఒక చొక్కా నా ఒళ్ళో పెట్టి, “నీకొకటి చెప్పాల” అంది. “అమ్మ పోయిన పొద్దు నాయన ఆ ఆయమ్మను అడిగినాడంట.”

నాకు అర్థమైంది. అయినా, “ఎన్నిసార్లు?” అన్నాను.

“మూడు తూర్లు. వార్డులో ఒకసారి, మెట్లకాడ ఒకసారి, గేటుకాడ టీ తాపించి ఒకసారి. నిద్దట్లోనే పోయింది, ఏమీ అనలేదని చెప్పినాదంట. నువ్వు కింద ఫోన్లో ఉన్నావని గూడా.”

చొక్కా గట్టిగా పట్టుకున్నాను.

“నాకు పోయినేడు చెప్పినాడు. నాకు నీ మీద శానా కోపమొచ్చింది, దాచుకోను. ‘తెలిసి తెలిసి ఆ పాపను ఏంటికి అడుగుతాండావు నాయనా, కడిగిపారెయ్యక’ అని నేనే అడిగినా. నాయన ఏమన్నాడో తెలుసా? ‘ఆయమ్మ చెప్పింది నిజమే. ఆ మాటలో మీ అమ్మ లేదు. ఈ పాప చెప్పిన మాటలో మీ అమ్మ ఉండాది. అది ఇనిందాంక నాకు అన్నం దిగదు’ అన్నాడు.”

ఏడ్చాను. వంటింట్లో అందరూ చూస్తుండగా, ఆ చొక్కా మొహానికి అడ్డం పెట్టుకుని, సిగ్గులేకుండా ఏడ్చాను. అక్క నా వీపు మీద చెయ్యి వేసి, “ఇంగ ఊరుకో. నిన్ను కోప్పడాకని నాకాడ మాట తీసుకున్యాడు” అంది. ఎవరి చేనో నాకేంటికి అన్న మనిషి. ఎనిమిదేళ్ళు ఆయన నన్ను పట్టుకుంటాడని నేను తప్పించుకు తిరిగాను, ఆయన ఎప్పుడో పట్టుకుని వదిలేశాడు. ఆయన అడిగింది ఒక పూట అన్నం తినడానికి. నేను రాని ఆదివారాలు ఎన్ని? ఆ ఆదివారాలు ఆయన ఏం తిన్నాడు?

కడపలో ఇప్పుడు పనంతా మామూలుగానే నడుస్తోంది. యంత్రాన్ని ఐదుసార్లు అడుగుతున్నాం. మాటలు కూడా కదలకపోతే దోవ మార్చి అడుగుతున్నాం. అది విసుక్కోదు, ఎన్నిసార్లడిగినా చెప్తుంది. మధ్యాహ్నం టిఫిను డబ్బా మూత తీసేటప్పుడు నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. పక్కసీటు అమ్మాయి ఏమైందక్కా అంటుంది. ఏం లేదులే అంటాను.

మామా, ఇప్పుడు అడుగు. నిలబెట్టి అడుగు, చెంబు ఇచ్చి అడుగు, పలుపు చేతికిచ్చి అడుగు. అత్త ఏమీ అనలేదు. నేను కింద ఉన్నాను. ప్రతి తూరీ వేరే మాటల్లో చెప్తాను, సంగతి మారదు. అది అయ్యాక, నీకు ఆకలైతే, ఆ మాట కూడా చెప్తాను.